పల్లిచేన్లో చెవులపిల్లులు: ఫెర్రెట్ తెచ్చుకుంటే పట్టుకోవచ్చా? కుక్కతోనా, కుక్క లేకుండానా?

ప్రశ్న: దేవరకొండ చెల్క

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. మూడెకరాల ఎర్రచెల్క, ఒక బోరు. ఈ యాసంగికి పల్లి వేశాను. ఊడలు దిగి కాయ పట్టేదాకా చేను బాగానే ఉంది. పదిహేను రోజుల నుంచి దక్షిణం గట్టు పొంటి నాలుగైదు సాళ్లు పాడైపోతున్నాయి. పొద్దున పోయి చూస్తే చెట్టు వాలిపోయి ఉంటుంది, మొదట్లో మట్టి లేచి ఉంటుంది, కాయలు ఉండవు.

రాత్రి మోటర్ వేయడానికి పోయినప్పుడు టార్చి వెలుగులో రెండుసార్లు చెవులపిల్లి కనబడింది. ఒక్క క్షణం కూర్చుని చూసి, గట్టు దాటి తుమ్మకంపలోకి దూకింది. అదే గట్టుకు ఏడెనిమిది బొక్కలున్నాయి, నా పిడికిలి పట్టేంతవి. అవి అందులోనే ఉంటున్నాయని నా లెక్క.

ఫోన్లో ఇంగ్లండ్ వీడియోలు చూశాను. ముంగిస లాంటి సన్నటి జంతువును బొక్కలోకి వదిలితే కుందేళ్లు బయటికి ఉరికి వచ్చి వలలో పడుతున్నాయి. దాన్ని ఫెర్రెట్ అంటారట. హైదరాబాద్‌లో పెంపుడు జంతువులు అమ్మేచోట దొరుకుతుందా? ధర ఎంత ఉంటుంది? మా దగ్గర నల్లోడని మూడేళ్ల ఊరకుక్క ఉంది, చాలా చురుకు. దాన్ని కూడా తీసుకుపోవాలా, లేక ఫెర్రెట్ ఒక్కటే చాలా?

పక్క చేను బాబాయి ఉచ్చులు పెట్టమంటున్నాడు. ఇంకొకాయన గట్టు పొంటి తీగ గుంజి కరెంటు పెట్టమంటున్నాడు. నాకు రెండూ మనసుకు పట్టడం లేదు. పెట్టుబడి ఇప్పటికే చాలా పెట్టాను, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: కల్వకుర్తి కాక

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి రాయకుండా ఉండలేకపోయాను. నేను నాలుగేళ్లు ఇంగ్లండ్‌లో థెట్‌ఫర్డ్ అనే ఊరి పక్కన కోళ్ల ఫారంలో పనిచేశాను. మా పక్కింటి పెద్దాయన దగ్గర రెండు ఫెర్రెట్లు, టెస్ అనే కుక్క ఉండేవి. మూడు చలికాలాలు, సెలవు దొరికిన ప్రతి ఆదివారం ఆయన సంచి మోసుకుంటూ వెంట పోయాను. కాబట్టి ఇది వీడియో చూసి చెప్తున్న మాట కాదు.

ముందే చెప్తున్నాను, ఫెర్రెట్ నీ చేనుకు పనికిరాదు. ఎందుకు పనికిరాదో తెలిస్తే నీ చేన్లో జరుగుతున్నదేమిటో కూడా తెలుస్తుంది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

మనం రెండు జంతువులను ఒకే పేరుతో పిలుస్తాం. నువ్వు వీడియోలో చూసింది యూరప్ కుందేలు, అక్కడివాళ్లు రాబిట్ అంటారు. అది నేలలో బొక్కలు తవ్వుకుని గుంపుగా బతుకుతుంది. మనవాళ్లు షెడ్లలో పెంచే తెల్ల కుందేళ్లు ఆ జాతివే. వాటిని మట్టినేల మీద వదిలి చూడు, రెండు రోజుల్లో గోడ కింద సొరంగం తవ్వుతాయి. మన చెల్కల్లో ఉండే చెవులపిల్లి వేరు, ఇంగ్లీషులో హేర్ అంటారు. మెడ వెనక నల్లటి మచ్చ ఉంటుంది చూడు, అదే. అది బొక్క తవ్వదు. పగలంతా గడ్డిలోనో కంప కిందనో ఒళ్లు పట్టేంత గుంట చేసుకుని అందులోనే నక్కి ఉంటుంది. నీ కాలు దాదాపు దాని మీద పడేదాకా లేవదు. లేచిందంటే బాణమే. పిల్లల్లో కూడా తేడా ఉంది. రాబిట్ పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని బొక్కలోనే పుడతాయి. చెవులపిల్లి పిల్లలు ఆరుబయట పుడతాయి కాబట్టి బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి.

ఫెర్రెట్ చేసే పని ఒక్కటే, బొక్కలో ఉన్నదాన్ని బయటికి తరమడం. బొక్కే లేని జంతువు మీద దానికి పనేముంది?

ఇక ఆ వేట ఎట్లా జరుగుతుందో చెప్తాను. థెట్‌ఫర్డ్ చుట్టూ అంతా ఇసుకనేల. ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్లు కుందేళ్లను పెంపకానికి తెచ్చిన కాలం నుంచి ఆ ప్రాంతంలో వాటిని ప్రత్యేకంగా పెంచేవారు. ఊరి బయట అడవిలో కుందేళ్ల కాపలాదారు కోసం 1400 ప్రాంతంలో కట్టిన రాతి ఇల్లు ఇప్పటికీ నిలబడి ఉంది. తర్వాత అవి పెంపకం దాటి పొలాల మీద పడ్డాయి. అందుకే 1954లో చట్టం చేసి, తన భూమిలో కుందేళ్లను అదుపులో పెట్టే బాధ్యత రైతు మీదే పెట్టారు. మా పెద్దాయన్ను రైతులే పిలిచేవాళ్లు, గోధుమ మొలక తినేస్తున్నాయి, రండి అని. అనుమతి లేకుండా ఒక్క గట్టు కూడా ఎక్కేవాడు కాదు.

కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకే. అప్పటికి గడ్డీ ముళ్లపొదలూ ఎండి బొక్కలు కంటికి కనబడతాయి. ఇంకో కారణం ఉంది. పిల్లలు పెట్టే కాలంలో ఫెర్రెట్‌ను పంపితే అది లోపల పిల్లలను చంపి, తిని, అక్కడే పడుకుంటుంది. అందుకే ఎండాకాలం ఎవరెంత అడిగినా ఆయన పోయేవాడు కాదు.

పొద్దున ఏడు గంటలకు పోయేవాళ్లం. చేతులు కొంకర్లు పోయే చలి. ఆయన నాకు మొదటిరోజే చెప్పింది మాట్లాడొద్దని, గట్టు మీద ధబధబా నడవొద్దని. నేలలో ఉన్నది మన అడుగుల చప్పుడు వింటుంది. అనుమానం వచ్చిందంటే, ఫెర్రెట్ గోళ్లతో రక్కినా సరే బయటికి రాదు. ముందు ప్రతి బొక్కకూ వల వేయాలి. చిన్న సంచి వల, రెండు కొసల్లో రెండు ఇనుప కడియాలు, చుట్టూ ఒక తాడు, ఆ తాడు కొసన మేకు. వలను బొక్క మూతి మీద సాలెగూడులా పరిచి మేకు నేలలో గట్టిగా దించాలి. కుందేలు ఉరికి వచ్చి తగలగానే తాడు బిగిసి సంచి మూసుకుంటుంది. ఒక్క బొక్క మరిచినా అన్నీ దాంట్లోంచే పోతాయి. నేను ఒకసారి ముళ్లపొద కింద ఒకటి చూడలేదు, మూడు కుందేళ్లు అందులోంచే పోయాయి. ఆయన ఒక్క మాట అనలేదు, మోకాళ్ల మీద కూర్చుని ఆ బొక్క ఎక్కడుందో నాకు చూపించాడు.

తర్వాత ఫెర్రెట్‌ను వదులుతారు. ఆడదాన్నే ఎక్కువ వాడతారు, చిన్నగా ఉంటుంది కాబట్టి. మా పెద్దాయన ఆడదాని బరువు కిలో కూడా ఉండదు. పాలరంగు బొచ్చు, ఎర్రటి కళ్లు, వేలెడు వెడల్పు ముక్కు. మెడకు చిన్న పట్టీ, అందులో సిగ్నల్ పంపే బిళ్ల. అది బొక్క మూతి దగ్గర ఆగి, ముక్కు ఎత్తి రెండుసార్లు గాలి పీల్చి, నీళ్లు పారినట్టు లోపలికి జారిపోయేది. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. మోకాలు నేలకు ఆనించి కూర్చుంటే కింద దడ్ దడ్ అని తెలిసేది. కుందేలు వెనక కాళ్లతో నేలను తన్ని మిగతావాటిని హెచ్చరించే చప్పుడు అది. చెవికి వినబడదు, మోకాలికి తెలుస్తుంది. ఆ మీదట ఎక్కడో ఒక వల ఎగిరి ముద్ద కట్టేది. ఆయన రెండు అడుగుల్లో చేరి, మెడ విరిచి, ఒక్క నిమిషం కూడా బాధ పడనిచ్చేవాడు కాదు. వెంటనే పొట్ట కింద బొటనవేలితో నొక్కి మూత్రం తీసేసేవాడు, లేకపోతే మాంసం చెడుతుంది. ఆ మాంసంలో కొవ్వు ఉండదు. నేను అల్లంవెల్లుల్లి, కారం పట్టించి ఎక్కువసేపు సన్నటి మంట మీద ఉడికించి జొన్నరొట్టెతో తినేవాణ్ణి.

ఒక్కోసారి ఫెర్రెట్ బయటికి రాదు. లోపలే కుందేలును మూలకు పట్టి చంపి దాని మీదే కూర్చుంటుంది. అప్పుడు చేతిలో చిన్న డబ్బా పట్టుకుని గట్టు మీద తిప్పాలి. పట్టీ ఎక్కడుందో అక్కడ టిక్ టిక్ మోత పెరుగుతుంది. అక్కడ పారతో తవ్వాలి. ఒక రోజు నడుము లోతు తవ్వాం, వానలో, రెండు గంటలు. దాన్ని వదిలేసి రావడం అనే ఆలోచనే ఆయనకు లేదు. ఆకలితో పంపితే ఈ కష్టం ఎక్కువవుతుందని ముందురోజు ఎప్పటిలాగే తిండి పెట్టేవాడు.

ఇప్పుడు నువ్వు అడిగిన కుక్క సంగతి. కుక్క లేకుండా కూడా చేస్తారు, వలలు చాలినన్ని ఉండాలంతే. కానీ నా అనుభవంలో మంచి కుక్క విలువ పరుగులో లేదు. టెస్ ప్రతి బొక్క దగ్గర ముక్కు పెట్టి చూసేది. ఖాళీ అయితే పట్టించుకోకుండా దాటిపోయేది. లోపల ఉంటే కదలకుండా నిలబడి, ముందుకాలు ఒకటి కొంచెం ఎత్తి, చెవులు ముందుకు వంచి, పెద్దాయన ముఖంలోకి చూసేది. మూడేళ్లలో అది తప్పు చెప్పడం నేను రెండుమూడుసార్లకు మించి చూడలేదు. దాంతో ఖాళీ గట్టు మీద గంట వృథా చేసే పని తప్పేది. వల తప్పించుకున్నదాన్ని పట్టడం దాని రెండో పని. కానీ అట్లాంటి కుక్కను కూనగా ఉన్నప్పటి నుంచే ఫెర్రెట్ల పక్కన పెంచాలి. లేకపోతే బొక్కలోంచి బయటికి వచ్చిన ఫెర్రెట్‌ను ఒక్క కొరుకులో చంపేస్తుంది.

ఒక మాట గుర్తుపెట్టుకో. రాబిట్‌ను అనుమతితో కుక్కతో పట్టొచ్చన్న ఇంగ్లండ్‌లోనే, హేర్ వెంట కుక్కను ఉసిగొల్పితే 2004 చట్టం ప్రకారం నేరం. మన దగ్గర చెవులపిల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉంది. కుక్కతోనైనా, వలతోనైనా, ఉచ్చుతోనైనా పడితే కేసే, జైలు కూడా ఉంది. నా పంట తింటోంది అన్నంత మాత్రాన మినహాయింపు రాదు.

చివరగా, నీ చేను చూడకపోయినా నాకు ఒక అనుమానం ఉంది. చెవులపిల్లి ఆకూ చిగురూ కొరుకుతుంది, కత్తితో ఏటవాలుగా కోసినట్టు ఉంటుంది. మట్టి తవ్వి కాయ తీసుకుపోయే అలవాటు దానిది కాదు. నువ్వు చెప్పిన బొక్కల మూతి దగ్గర కొత్త మట్టి పోగు ఉందా? పల్లి పొట్టు ఉందా? రేపు పొద్దున చూసి రాయి.

జవాబు: పశువుల దవాఖాన అక్క

కాక చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను. ఫెర్రెట్‌కు చెమట పట్టదు. 30 డిగ్రీలు దాటితేనే వడదెబ్బ ప్రమాదం మొదలవుతుంది. నల్లగొండ ఎండలు మేలో 45 దగ్గరికి పోతాయి. రేకుల షెడ్డులో పెడితే ఒక్క మధ్యాహ్నం చాలు. పైగా కుక్కలకు వచ్చే డిస్టెంపర్ రోగం ఫెర్రెట్‌కు సోకితే దాదాపు బతకదు, మన ఊర్లలో టీకా లేని కుక్కలు ఎన్ని తిరుగుతున్నాయో మీకు తెలుసు. విదేశీ జంతువును తెప్పించాలంటే దిగుమతి లైసెన్సు కావాలి, కాగితం లేకుండా ఎవరైనా అమ్మితే కొనొద్దు.

తమ్ముడూ, నల్లోడికి డిస్టెంపర్ టీకా, రేబిస్ టీకా వేయించావా? వేయించకపోతే ఆ ఫెర్రెట్ డబ్బుల్లో కొంచెం దానికి పెట్టు. ముఖ్యంగా ఎలుకల జోలికి పోయే కుక్కకు లెప్టోస్పైరా టీకా కూడా అడుగు. ఎలుక మూత్రంతో వచ్చే రోగం అది, మనిషికి కూడా వస్తుంది. గట్టు దగ్గర తడిమట్టిలో ఒట్టికాళ్లతో నిలబడొద్దు.

జవాబు: డిండి బత్తాయి తోట

బిడ్డా, నాకు అరవై దాటాయి. ఉచ్చు గురించి, కరెంటు గురించి రాశావు, అందుకే ఇది రాస్తున్నాను.

నా కుక్క ఉచ్చులో పడింది. ఆరేళ్ల కింద, తొలకరి రోజుల్లో. ఎవరో చెవులపిల్లి కోసమే క్లచ్ వైరుతో కట్టిన ఉచ్చు. రెండు రోజులు వెతికాను. కంపలో దొరికేసరికి ముందుకాలు ఎముక దాకా కోసుకుపోయింది, వైరు నోటితో కొరికి కొరికి పళ్లు విరిగాయి. నన్ను చూసి తోక ఊపింది. కాలు తీసేశారు, ఇంకో రెండేళ్లు మూడు కాళ్లతో నా వెంటే తిరిగింది. ఉచ్చుకు చెవులపిల్లి ఏదో, కుక్క ఏదో, గొర్రెపిల్ల ఏదో తెలియదు. మీ పక్కకు చందంపేట గుట్టలు, అవతల అమ్రాబాద్ అడవి. చిరుతలు కూడా అట్లాంటి ఉచ్చుల్లోనే పడుతుంటాయి.

కరెంటు సంగతి చెప్పే పని లేదు. అడవిపందుల కోసం పెట్టిన తీగకు రైతులే పోయిన ఊర్లు మన జిల్లాలోనే ఉన్నాయి. రాత్రి మోటర్ కోసం పోయేది నువ్వే కదా బిడ్డా.

చెవులపిల్లి నిజంగానే బాధ పెడితే నేను చేసేది చెప్తాను. కొత్తగా నాటిన బత్తాయి మొక్కలకు మొదలు చుట్టూ మోకాలెత్తు జాలీ చుట్టాను. మొక్క నిలదొక్కుకునేదాకా రెండేళ్లు ఉంచితే చాలు, ముదిరిన బెరడును అంతగా ముట్టదు. కూరగాయల మడికి మూడడుగుల కోళ్లజాలీ కట్టాను. అది తవ్వదు కాబట్టి కింద భూమిలో పాతక్కర్లేదు, సందు లేకుండా నేలకు ఆనించి మేకులు కొడితే చాలు. ఎకరాలకు జాలీ ఖర్చు తట్టుకోలేం, నిజమే. ఎకరాలను చెవులపిల్లి ఖాళీ చేయడం కూడా నేను చూడలేదు.

ప్రశ్న వేసినవారు: దేవరకొండ చెల్క

కాకా, పెద్దనాన్నా, అక్కా, అందరికీ దండం. పొద్దున ఆరింటికే పోయి చూశాను. కాక చెప్పినట్టే ఉంది. బొక్కల మూతి దగ్గర సన్నటి కొత్త మట్టి పోగులున్నాయి. ఒకదాంట్లో చేయి పెట్టబోయి, పాము ఉంటుందేమోనని ఆగి, కట్టెతో కదిలించాను. పల్లి పొట్టు, సగం కొరికిన కాయలు వచ్చాయి. చెవులపిల్లి పెంటికలు గట్టు అవతల గడ్డిలో ఉన్నాయి, ఎండినవి, గుండ్రంగా. చేన్లో లేవు. ఆకు ఏటవాలుగా కోసినట్టు రెండు మూడు చెట్లకే ఉంది.

అంటే ఇవి పందికొక్కులు, ఎలుకలేనా? పాపం ఊరికే చెవులపిల్లి మీద వేశాను. ఇప్పుడేం చేయాలి? మందు పెడితే నల్లోడికి ప్రమాదమా?

జవాబు: కల్వకుర్తి కాక

ఎలుకలు, పందికొక్కులే తమ్ముడూ. నువ్వు చేయి పెట్టకుండా ఆగడం చాలా మంచి పని. ఎలుక బొక్కలో నాగుపాము ఉండటం మామూలే.

ఇవాళ సాయంత్రం అన్ని బొక్కలనూ మట్టితో మూసేయి, ఒక్కటి కూడా వదలకుండా. రేపు పొద్దున ఏవి తెరిచి ఉన్నాయో అవే జీవమున్నవి. వాటికి గుర్తుగా పుల్ల గుచ్చు. మిగతావాటి మీద పైసా, గంటా పెట్టొద్దు.

మందుకు ప్రమాదం ఉంది, కచ్చితంగా ఉంది. జింకు ఫాస్ఫైడ్ తిన్న ఎలుకనైనా, ఆ ఎరనైనా కుక్క తింటే చాలా కష్టం. నల్లోడు చేన్లో తిరిగేవాడైతే నేనైతే అది పెట్టను. బ్రోమాడియోలోన్ బిళ్లలు బొక్క లోపలికి తోసి మూతి మూసేస్తే కొంత నయం, కానీ చచ్చిన ఎలుకలను రోజూ ఏరి లోతుగా పాతిపెట్టాలి, చచ్చిన ఎలుకలు దొరకడం ఆగేదాకా కుక్కను కట్టేయాలి.

దానికన్నా ముందు పొగ పెట్టి చూడు. మన పెద్దలు చేసిందే. పాత కుండకు అడుగున చిన్న రంధ్రం, లోపల సగం తడిసిన గడ్డి, పిడక ముక్క, నిప్పు. కుండ మూతిని బొక్కకు ఆనించి, చుట్టూ తడిమట్టి పూసి, అడుగు రంధ్రంలోంచి గొట్టంతో ఊదు. పొగ ఏయే బొక్కల్లోంచి లేస్తుందో చూస్తే లోపలి దారులన్నీ నీకు తెలుస్తాయి. ఒకటి రెండు వదిలి మిగతావి మూసేయి. వదిలినవాటి ముందు వల పెట్టినా సరే, నల్లోణ్ణి నిలబెట్టినా సరే. అక్కడ ఫెర్రెట్ చేసే పని ఇక్కడ పొగ చేస్తుంది. ఉడుము గనక బయటికి వస్తే కుక్కను పట్టుకుని దాన్ని పోనివ్వు, దాన్ని ముట్టుకున్నా కేసే.

నల్లోణ్ణి ముందే పొగ దగ్గరికి ఉరికించొద్దు. మెడకు తాడు కట్టి, బొక్క బొక్క దగ్గర ఆపి, వాసన చూడనివ్వు. ఏం మాట్లాడకు. అది ఏ బొక్క దగ్గర ఎట్లా నిలబడుతుందో చూడు, నువ్వు పుల్లలు గుచ్చినవాటితో సరిపోతుందో లేదో చూడు.

ప్రశ్న వేసినవారు: దేవరకొండ చెల్క

కాకా, మూడు రోజులైంది, రాయడం ఆలస్యమైంది. ఎనిమిది బొక్కలు మూస్తే పొద్దునకు ఐదు తెరిచి ఉన్నాయి. నేను పుల్లలు గుచ్చకముందే నల్లోణ్ణి తాడుతో తిప్పాను. మొదటి రెండింటి దగ్గర తోక ఊపుకుంటూ దాటిపోయాడు. మూడోదాని దగ్గర ఆగాడు. మొరగలేదు, తవ్వలేదు. ముందుకాలు ఎత్తి, నా ముఖం చూశాడు. నాకు ఒళ్లు జలదరించింది.

ఐదింటిలో నాలుగు సరిగ్గా చెప్పాడు. పొగ పెట్టాం, నేనూ మా బావా. మొత్తం పదకొండు, అందులో మూడు పెద్ద పందికొక్కులు. ఒకటి నల్లోడి ముక్కు మీద కరిచింది, పసుపు పెట్టకుండా దవాఖానకు తీసుకుపోయి కడిగించి, అక్క చెప్పిన టీకాలు కూడా వేయించాను. లోపల తవ్వితే మూరెడు లోతులో పల్లికాయల నిల్వ దొరికింది, గంపకు సగం వచ్చింది. కడిగి ఎండబోశాను, బర్రెకు పెట్టొచ్చా అక్కా?

రాత్రి మోటర్ దగ్గరికి పోతే చెవులపిల్లి మళ్లీ కనబడింది. టార్చి ఆర్పేశాను.

జవాబు: పశువుల దవాఖాన అక్క

పెట్టొద్దు తమ్ముడూ. ఎలుక మూత్రం తగిలిన కాయ, పైగా మట్టిలో ఉన్నదానికి బూజు పట్టి ఉంటుంది. ఎంత ఎండబెట్టినా ఆ బూజు విషం పోదు. పెంటగుంతలో వేయి. నల్లోడి ముక్కు వాచినా, రెండు రోజుల్లో తిండి మానినా, కళ్లు పచ్చబడినా ఆలస్యం చేయకుండా తీసుకురా.